ఫుట్‌పాత్ తెగినా బిల్లు ఆగదు

బస్సులు, ఆటోల పక్కన తారురోడ్డు అంచు పట్టుకుని ఓ వీల్‌చైర్ పోతుంటే చూసినవాళ్ల నోట సాధారణంగా వచ్చే మాట ఒకటుంది: ‘ఫుట్‌పాత్ ఉండగా రోడ్డు మీదికెందుకు దిగడం?’ ప్రశ్న సబబుగానే వినిపిస్తుంది. ఆ ఫుట్‌పాత్‌ను చక్రం ఎత్తునుంచి చూస్తే మాత్రం జవాబు వెంటనే దొరుకుతుంది. మామూలు వీల్‌చైర్ వెడల్పు 65 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. చక్రాలు తిప్పే చేతులకు రెండు వైపులా జాగా కలుపుకుంటే కనీసం 90 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. వెనక్కి తిరగాలంటే మీటరున్నర. వెనకున్న పెద్ద చక్రాలు చిన్నాచితకా ఎగుడుదిగుళ్లను తట్టుకుంటాయి, ముందున్న చిన్న చక్రాలతోనే తంటా. ఫుట్‌పాత్ టైల్ ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి లేస్తే అవి అక్కడే పట్టేస్తాయి. కుర్చీ ఆగుతుంది గానీ అందులోని మనిషి ఆగడు, ముందుకు తూలిపోతాడు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె అడ్డం వచ్చినచోట కాళ్లున్నవాడు ఒక అడుగు రోడ్డు మీద వేసి మళ్లీ ఎక్కేస్తాడు. వీల్‌చైర్‌కు ఆ వెసులుబాటు లేదు. అడుగు ఎత్తు గట్టు దిగలేదు, ఎలాగో దిగినా మళ్లీ ఎక్కలేదు. తిరగడానికి చోటుంటే వచ్చిన దారినే మొదటికి పోవాలి. రెండుసార్లు ఇలా అయ్యాక మూడోసారి ఎవరూ ఫుట్‌పాత్ జోలికి పోరు, మొదటినుంచే రోడ్డు మీద పోతారు.

మన పురపాలక సంఘాలు, కార్పొరేషన్లు ఫుట్‌పాత్‌లను కిలోమీటర్లలో లెక్కేస్తాయి. ఇన్ని కిలోమీటర్లు వేశాం, ఇన్ని కోట్లు ఖర్చుపెట్టాం అని ప్రకటిస్తాయి. వీల్‌చైర్ లెక్కలో మాత్రం మధ్యలో ఒక్కచోట తెగిన కిలోమీటరు ఫుట్‌పాత్ విలువ సున్నా. నది మీద వంతెనకు ఒక స్పాన్ మిగిలిపోతే తొంభై శాతం పూర్తయిందంటూ ఎవరూ రిబ్బన్ కత్తిరించరు. ఫుట్‌పాత్ విషయంలో ఆ పనే చేస్తున్నాం, పైగా కాంట్రాక్టరుకు పూర్తి బిల్లు చెల్లిస్తున్నాం. రోడ్డు మీద వీల్‌చైర్ భద్రత గురించి మాట్లాడేటప్పుడు అందులో కూర్చున్నవారికి జాగ్రత్తలు చెప్పడం దగ్గరే ఆగిపోతుంటాం. అసలు నిర్ణయం జరిగేది మరోచోట, రోడ్డు పని కొలతలు రాసి బిల్లు పాసు చేసే బల్ల దగ్గర. మార్పు అక్కడ రానిదే జాగ్రత్తలు ఎన్ని చెప్పినా వీల్‌చైర్ బస్సు పక్కనే పోవాల్సి వస్తుంది.

ముందు ప్రమాదం ఏ పాటిదో చూద్దాం. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు, అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు. ఆ పాదచారుల్లో వీల్‌చైర్‌లో ఉన్నవారెందరో ఈ లెక్కలనుంచి తెలుసుకునే దారి లేదు. అందుకే బయటి లెక్కలు చూడాల్సి వస్తుంది. అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006 నుంచి 2012 వరకు జరిగిన ప్రమాదాలను పరిశీలించి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. మిగతా పాదచారులతో పోలిస్తే వీల్‌చైర్ వాడేవారు వాహనం ఢీకొని చనిపోయే రేటు 36 శాతం ఎక్కువని అందులో తేలింది. ఆ మరణాల్లో సగానికి కాస్త తక్కువ కూడళ్లలో జరిగాయి. కూడళ్లలో జరిగినవాటిలో పదింట నాలుగు చోట్ల సిగ్నల్ గానీ, ఆపే బోర్డు గానీ లేదు. అన్నిటికన్నా ఆలోచింపజేసే సంగతి వేరే ఉంది. నాలుగింట మూడు వంతులకు పైగా ప్రమాదాల్లో డ్రైవరు బ్రేకు వేసినట్టు గానీ, బండి పక్కకు తిప్పినట్టు గానీ ఆనవాలే లేదు. అంటే చాలా సందర్భాల్లో ఎదుట మనిషి ఉన్నట్టు చివరి క్షణం దాకా డ్రైవరుకు తెలియనే లేదని అనుకోవాలి.

అమెరికా రోడ్లు వేరు, మన రోడ్లు వేరు. ఆ 36 శాతాన్ని తెచ్చి ఇక్కడ అంటించడం సరికాదు. అయితే ఆ లెక్క వెనకున్న కారణాలకు దేశం సరిహద్దు లేదు. వీల్‌చైర్‌లో కూర్చున్న మనిషి తల నేలనుంచి 120, 130 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. రోడ్డు పక్కన ఆపిన మామూలు కారు పైకప్పు అంతకన్నా ఎత్తు. రెండు కార్ల సందులోంచి రోడ్డు దాటబోయే వీల్‌చైర్ వచ్చే బండికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. దాటడానికి పట్టే సమయం మరో ఇబ్బంది. పాదచారుల సిగ్నల్‌ను సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడక లెక్కన కడతారు. ఆ లెక్కన 15 మీటర్ల రోడ్డుకు 12, 13 సెకన్లు చాలు. చేతులతో చక్రాలు తిప్పుకుంటూ, డివైడర్ సందు దగ్గర ఎగుడుదిగుడు దాటుకుంటూ పోయే మనిషి వేగం సెకనుకు ముప్పావు మీటరు అనుకుంటే 20 సెకన్లు పడుతుంది. తేడాగా మిగిలిన ఆ ఏడెనిమిది సెకన్లూ పచ్చ లైటు పడ్డ బండ్ల ఎదుట గడపాలి. మన దగ్గర పచ్చ లైటు పడకముందే బండ్లు కదులుతాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే.

జాగ్రత్తలు పనికిరావని దీని అర్థం కాదు. కుర్చీ వెనకా పక్కలా మెరిసే రిఫ్లెక్టర్ టేపు, కార్ల పైకప్పుకన్నా ఎత్తుగా ఒక జెండా, చీకటి పడ్డాక మిణుకుమనే ఎర్ర లైటు, నడుముకు బెల్టు, వారానికోసారి టైర్లలో గాలి, బ్రేకుల తనిఖీ: ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఫుట్‌పాత్ లేనిచోట చేతులతో నడిపే వీల్‌చైర్ పాదచారిలాగే ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడి అంచున పోవడం మేలు. సాయం ఉన్నప్పుడు గట్టు దిగాల్సివస్తే కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు దిగేలా దింపాలి. ఇవన్నీ కుటుంబాలకు తెలియాల్సిన విషయాలే. కానీ వీటి సత్తా ఎంతవరకో కూడా తెలియాలి. జెండా చూసే డ్రైవరు ఉంటేనే జెండా పనిచేస్తుంది. వాననీరు పోవడానికి రోడ్డును అంచులవైపు వాలుగా వేస్తారు కాబట్టి అంచున పోయే కుర్చీ ఎప్పుడూ కాలువవైపు గుంజుతుంటుంది. దాన్ని నిలువరించడానికి వాలు వైపున్న చెయ్యి రెట్టింపు పనిచేయాలి. అరకిలోమీటరు పోయేసరికి భుజం పట్టేస్తుంది. ఈ వాలుకు ఏ రిఫ్లెక్టరూ మందు కాదు.

ఇక చట్టం సంగతి. మనకు చట్టం కరువు లేదు, ఉన్న చట్టానికి వయసు కూడా తక్కువేం కాదు. 1995 నాటి వికలాంగుల చట్టంలోనే వీల్‌చైర్ వాడేవారు సులభంగా వెళ్లేలా ఫుట్‌పాత్‌లకు కోతలు, వాలులు ఏర్పాటు చేయాలని 45వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. దాని పక్కనే ప్రభుత్వాల ఆర్థిక స్తోమత, అభివృద్ధి పరిమితులకు లోబడి అన్న మాట కూడా చేర్చారు. రెండు దశాబ్దాలపాటు మొదటి మాటను మూలన పెట్టడానికి ఆ రెండో మాట సరిపోయింది. దాని స్థానంలో వచ్చిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ దివ్యాంగుల రాకపోకలకు అనువైన రోడ్లు ఉండాలంటుంది. దాని కింద కేంద్రం చేసిన నిబంధనల్లో 15వది ప్రమాణాలను మార్గదర్శకాలకు వదిలేసింది. మార్గదర్శకాలంటే పాటిస్తే పాటించినట్టు, లేకపోతే లేదు. చూపులేని హక్కుల కార్యకర్త రాజీవ్ రతూరీ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న ఈ లొసుగును పట్టుకుంది. ఆ నిబంధన మూల చట్టానికే విరుద్ధమంటూ, తప్పనిసరి ప్రమాణాలను వేరుచేసి మూడు నెలల్లో నిబంధనలుగా తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన క్షేత్ర అధ్యయనం చేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న దివ్యాంగుల అధ్యయన కేంద్రం. మన ఊళ్లో కూర్చుని రాసిన నివేదిక దేశ చట్టాన్ని కదిలించింది, మన ఊరి ఫుట్‌పాత్‌ను కదిలించడమే మిగిలింది.

2025 మే 14న కోయంబత్తూరు ఎముకల వైద్యుడు రాజశేఖరన్ వేసిన మరో కేసులో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. ఆ ఫుట్‌పాత్‌లు దివ్యాంగులకు అనువుగా ఉండాలనీ చెప్పింది. అదే కేసులో అక్టోబర్ 7న మోటారు వాహనాల చట్టం 138(1ఎ), 210డి సెక్షన్ల కింద ఆరు నెలల్లో నిబంధనలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఇంత జరిగినా ఒక ఖాళీ అలాగే ఉంది. అదే మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 198ఎ సెక్షన్ ప్రమాణాల ప్రకారం రోడ్డు వేయని అధికారికి, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చంటుంది. బాగానే ఉంది. అయితే అది వర్తించాలంటే ఆ లోపం వల్ల ఎవరైనా చనిపోవాలి, లేదా వికలాంగులు కావాలి. రోడ్డు లోపం మీద చట్టం కన్ను తెరవడానికి ముందు ఒక కొత్త వీల్‌చైర్ అవసరం పడాలన్నమాట! ప్రమాదం జరగకముందే ఆపే సాధనం ఒకటే ఉంది: డబ్బు చేతులు మారకముందు పని చూడటం.

ఫుట్‌పాత్ ఎందుకు తెగుతుందో కాస్త దగ్గరనుంచి చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. పాత తారు పొరను గీకి తీయకుండా దానిమీదే కొత్త పొర వేస్తూ పోతే రోడ్డు ఏటికేడు లేస్తుంది. రోడ్డు లేచిందని ఫుట్‌పాత్‌ను ఇంకా పైకి లేపుతారు. భారత రోడ్ల కాంగ్రెస్ పాదచారుల కోసం ఇచ్చిన ప్రమాణాల ప్రకారం గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. మన బజార్లలో మోకాలెత్తు గట్లు కొత్తేం కాదు. ఫుట్‌పాత్ లేచేసరికి పక్కనున్న ఇళ్లు, దుకాణాలు తమ గేటు ముందు దాన్ని కోసి కారు కోసం ర్యాంపు కట్టుకుంటాయి. యాభై గేట్లున్న వీధిలో ఫుట్‌పాత్ యాభై చోట్ల దిగి యాభై చోట్ల ఎక్కుతుంది. ఫుట్‌పాత్ మట్టాన్ని అలాగే ఉంచి, అంచున మాత్రమే కారు ఎక్కే చిన్న వాలు కడితే ఇద్దరికీ సరిపోతుంది. అలా కట్టించే బాధ్యత ఎవరిదో కాగితం మీద ఉండదు. మూల మలుపు దగ్గర ర్యాంపు వేస్తే అది 1:12 వాలుకు మించకూడదు, అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకు 1.8 మీటర్ల పొడవు. చోటు చాల్లేదని అరమీటరులో ముగించే ర్యాంపులు కంటికి ర్యాంపులే. వాటిని ఎక్కబోతే కుర్చీ వెనక్కి పడిపోతుంది.

ఆ తర్వాత శాఖల వంతు. నీళ్ల పైపుకు ఒకరు, కేబుల్‌కు ఒకరు, డ్రైనేజీకి ఇంకొకరు తవ్వుతారు. కరెంటు స్తంభం, సిగ్నల్ పెట్టె, పోలీసు బూత్, ప్రకటన బోర్డు ఎవరికి వారు నిలబెడతారు. తవ్వినవారు మట్టి పూడ్చి వెళ్తారు, టైల్స్ తిరిగి పరిచే పని మరో పద్దులోది. ఇక పని కొలత పుస్తకంలో గట్టు రాళ్లు మీటర్ల లెక్కన, టైల్స్ చదరపు మీటర్ల లెక్కన నమోదవుతాయి. ఈ మొదటినుంచి ఆ చివరిదాకా దారి ఆగకుండా సాగిందా అన్న కొలతకు మాత్రం అందులో గడి లేదు. గడి లేనిదానికి చెల్లింపు ఉండదు, చెల్లింపు లేని పనిని కాంట్రాక్టరు ఎందుకు చేస్తాడు? అతన్ని తిట్టి లాభం లేదు, మనం అడిగిన పనే చేశాడు. హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మొదలైనప్పటినుంచీ స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి, రైల్లో వీల్‌చైర్‌కు చోటుంది. లిఫ్టు దింపేది ఫుట్‌పాత్ మీదికి. అక్కడ దారి తెగితే, వేల కోట్ల మెట్రో వీల్‌చైర్ వాడే మనిషికి పనికిరాకుండా పోయేది ఆ కొన్ని మీటర్ల దగ్గరే.

బిల్లుకూ ర్యాంపుకూ ముడిపెట్టడం ఎక్కడా లేని విడ్డూరమేం కాదు. అమెరికాలో దివ్యాంగుల చట్టం 1990లో వచ్చింది. ఆ తర్వాత ఫిలడెల్ఫియా నగరం రోడ్ల మీద కొత్త తారు పొర వేస్తూ, అది కేవలం మరమ్మతు కాబట్టి మూలల్లో ర్యాంపులు కట్టే బాధ్యత తమకు రాదని వాదించింది. 1993లో అప్పీలు కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. రోడ్డు పైపొర మార్చడమంటే రోడ్డును మార్చడమే, వాహనాలకు దారి బాగుచేసినప్పుడు ఆ కూడలిలో వీల్‌చైర్‌కు కూడా దారి చేయాల్సిందేనంది. శాక్రమెంటో నగరం మీద నడిచిన కేసులో 2002లో మరో అప్పీలు కోర్టు ఫుట్‌పాత్ కూడా నగరం అందించే సేవేనని తేల్చింది. చివరికి రవాణా నిధిలో ఏటా 20 శాతం చొప్పున 30 ఏళ్ల వరకు దీనికి కేటాయించడానికి ఆ నగరం ఒప్పుకుంది. ఈ రెండింటిలో మనకు ఎక్కువ పనికొచ్చేది మొదటిది. ఊరంతా ఒక్కసారి తవ్విపోయమని ఎవరూ అడగడం లేదు. రోడ్డు ఎలాగూ కొన్నేళ్లకోసారి వేస్తారు. వేసినప్పుడల్లా ఆ ముక్కలోని ఫుట్‌పాత్ తెగకుండా కలిపితే చాలు, రెండు విడతల రోడ్ల పనుల్లో పట్టణం మొత్తం చేతికొస్తుంది. దివ్యాంగుల కోసం ప్రత్యేక పథకం, దానికో లోగో, ప్రారంభ సభ ఏవీ అక్కర్లేదు.

‘అంత చేసినా వాడేదెవరు, రోజంతా నిలబడితే ఒక్క వీల్‌చైర్ కనపడదు’ అన్న మాట ఇంజినీర్ల నోట తరచూ వినిపిస్తుంది. కనపడకపోవడాన్ని అవసరం లేకపోవడంగా లెక్కగట్టడం ఇందులోని పొరపాటు. 2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది, వారిలో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 54 లక్షల పైచిలుకు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని రకాల దివ్యాంగులు కలిపి 22.66 లక్షలు. ఇది పాత లెక్క. పక్షవాతం వచ్చినవారు, మోకాళ్ల ఆపరేషన్ అయినవారు, కర్ర పట్టుకుని నడిచే పెద్దవాళ్లు ఇందులో చాలావరకు లేరు, ఎత్తయిన గట్టు వాళ్లకూ ఎక్కరానిదే. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు రూ.6,000, పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి రూ.15,000 ఇస్తున్నారు. తెలంగాణలో ఆసరా కింద దివ్యాంగుల పింఛను రూ.4,016. ఈ డబ్బు అవసరమే, ఇవ్వాల్సిందే. కానీ ఇంట్లో ఉన్నందుకు నెలనెలా ఇచ్చే ప్రభుత్వం, ఇల్లు దాటే దారికి రోడ్డు టెండరులో ఒక వాక్యం పెట్టలేకపోవడం వింతగా లేదా? వీల్‌చైర్‌లో ఉన్న పిల్ల కాలేజీకి వెళ్లగలిగితే, ఉద్యోగి ఆఫీసుకు చేరగలిగితే ఆ లెక్క ఖజానాకూ తెలుస్తుంది.

గట్టి అభ్యంతరం మరొకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. ర్యాంపు కడితే ముందు ఎక్కేది బైకులే. ట్రాఫిక్ ఆగిన సాయంత్రం ఏ ఫుట్‌పాత్ చూసినా ఇది తెలుస్తుంది. అందుకే అధికారులు ఫుట్‌పాత్ మొదట్లో దగ్గరదగ్గరగా ఇనప స్తంభాలు పాతుతారు. బైకు హ్యాండిల్ వెడల్పు వీల్‌చైర్ వెడల్పుకు అటూ ఇటుగా ఉంటుంది. వీల్‌చైర్‌ను పోనిచ్చి బైకును ఆపే సందు వెడల్పంటూ ఏదీ లేదు. కాబట్టి డిజైన్ ఒక్కటే దీనికి పూర్తి పరిష్కారం చూపలేదని ఒప్పుకోవాలి. అలాగని బైకువాడి తప్పుకు వీల్‌చైర్‌ను శిక్షించడం న్యాయం కాదు. హెల్మెట్ లేనివారిని, సిగ్నల్ దాటినవారిని కెమెరా ఫొటో తీసి చలానా ఇంటికి పంపే వ్యవస్థ మన నగరాల్లో ఎప్పటినుంచో ఉంది. అదే కెమెరాను ఫుట్‌పాత్ వైపు తిప్పడానికి కావలసింది ఒక ఆదేశం. నెల రోజులు వరసగా చలానాలు పడితే ఎక్కడం ఎంత తగ్గుతుందో హెల్మెట్ల విషయంలో చూశాం కదా.

తోపుడు బండ్లవాళ్ల పొట్ట కొట్టమంటారా అన్న ప్రశ్నకు జవాబు 2014 వీధి వ్యాపారుల చట్టంలోనే ఉంది. పట్టణ వ్యాపార కమిటీలో 40 శాతానికి తక్కువ కాకుండా వీధి వ్యాపారులే ఎన్నికై ఉండాలి, వారిలో దివ్యాంగులకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. ఎక్కడ అమ్మాలో, ఎక్కడ అడ్డం లేకుండా వదలాలో ఆ కమిటీలో కూర్చుని గీత గీసుకోవచ్చు. నివాస ప్రాంతాల్లో 1.8 మీటర్లు ఖాళీగా ఉంచాలన్న ప్రమాణం పాటిస్తే మిర్చిబజ్జీ బండి దాని అవతల ఉండొచ్చు. నిజం చెప్పాలంటే బండి పెద్ద అడ్డు కాదు. అడిగితే పక్కకు జరుగుతుంది, దాని దీపం వల్ల రాత్రి దారి కనిపిస్తుంది, పక్కన మనిషి ఉంటాడు. షోరూం ముందు నిలిపిన కార్లు, దిమ్మె మీద ట్రాన్స్‌ఫార్మర్ జరగవు. ఆక్రమణల తొలగింపు మొదలైనప్పుడల్లా తోపుడు బండ్లతోనే ఎందుకు మొదలవుతుందో పాఠకులకు చెప్పనవసరం లేదు.

పాతబస్తీ గల్లీల్లో, విజయవాడ వన్‌టౌన్‌లో, ఏ పాత ఊరి బజారులోనైనా 1.8 మీటర్లు ఎక్కడినుంచి తెస్తారని అడగొచ్చు. తేలేం. అలాంటిచోట మూరెడు వెడల్పు ఫుట్‌పాత్ కట్టడంకన్నా అసలు కట్టకపోవడం మేలు. గోడనుంచి గోడదాకా నేలను ఒకే మట్టంగా చేసి, కాలువ మీద సన్న సందుల మూతలు వేసి, బండ్ల వేగాన్ని నడక వేగానికి దగ్గరగా తగ్గిస్తే అందరూ ఒకే నేలమీద పోవచ్చు.

బ్యాటరీ బండ్ల సంగతి మాత్రం ఇంకా తేలాల్సి ఉంది. మోటారు అమర్చిన ట్రైసైకిళ్లు, కుర్చీకి ముందు తగిలించే విద్యుత్ యంత్రాలు ఇప్పుడు గంటకు 25 కిలోమీటర్ల దాకా పోతున్నాయి. ఆ వేగంతో ఫుట్‌పాత్ మీద పోతే ముసలివాళ్లకు అవే ప్రమాదం. హక్కు అడిగేవారు ఈ హద్దును కూడా ఒప్పుకోవాలి. బ్రిటన్‌లో ఇలాంటి బండికి ఫుట్‌పాత్ మీద గంటకు 4 మైళ్లు, రోడ్డు మీద 8 మైళ్లు హద్దుగా పెట్టి, రోడ్డు మీద పోయేదానికి లైట్లు, హారన్ తప్పనిసరి చేశారు. మన రెండు రాష్ట్రాలు 138(1ఎ) కింద రాసే నిబంధనల్లో ఇలాంటి స్పష్టత రావాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఆ బండి పాదచారి కిందికి వస్తుందా, వాహనం కిందికి వస్తుందా అన్న తగువు బీమా కంపెనీ చేతికి పోతుంది.

డబ్బు గురించి ఒక్క మాట. ఫుట్‌పాత్ ఖర్చు పెరగడానికి మళ్లీ మళ్లీ తవ్వడం ఒక ముఖ్య కారణం. బెంగళూరు టెండర్ ష్యూర్ రోడ్లలో పైపులు, కేబుళ్లకు ఫుట్‌పాత్ కింద ముందే గొట్టాలు వేసి పైన వెడల్పాటి దారి వదిలారు. మొదట్లో ఖర్చు ఎక్కువైందన్న విమర్శ నిజమే. తవ్వి పూడ్చే ఖర్చును కూడా కలిపి లెక్కేసేవారు తక్కువ కావడంతో ఆ విమర్శ నిలిచిపోయింది. చెన్నై కార్పొరేషన్ 2014లోనే నడిచేవారికి, సైకిళ్లకు ఒక విధానం ఆమోదించుకుంది. అమలులో లోటుపాట్లున్నా, అడగడానికి అక్కడి పౌరుల చేతిలో ఒక కాగితం ఉంది.

హైదరాబాద్‌లో దాదాపు 700 కిలోమీటర్ల ప్రధాన రహదారులను ఐదేళ్ల నిర్వహణకు ప్రైవేటు సంస్థలకు అప్పగించిన అనుభవం ఉంది. అలాంటి ఒప్పందాలే ఈ షరతుకు సరైన చోటు. రోడ్డు పని ముగిశాక ఆ ముక్క మొదటినుంచి చివరిదాకా వీల్‌చైర్ వాడే ఒకరు సొంతంగా, ఎవరూ పట్టకుండా, రోడ్డు మీదికి దిగకుండా వెళ్లిరావాలి. అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) వెంట నడిచి, ఆగినచోటల్లా కొలత పుస్తకంలో రాయాలి. ఆగిన చోట్లు సరిచేసేదాకా చివరి బిల్లు పాసు కాకూడదు. తర్వాత తవ్వే ఏ శాఖయినా కోతకు అనుమతి తీసుకునేటప్పుడే డిపాజిట్ కట్టాలి, దారి మునుపటిలా అయ్యాకే అది వెనక్కి రావాలి. భవనాల విషయంలో ప్రమాణాలు పాటించకపోతే పూర్తయినట్టు ధ్రువపత్రం ఆపేయాలని 2024 తీర్పు చెప్పింది. రోడ్లకు కూడా అదే సూత్రం వర్తింపజేయడానికి శాసనసభ అక్కర్లేదు, రెండు రాష్ట్రాల పురపాలక శాఖల నుంచి ఒక సర్క్యులర్ చాలు. మీ వీధిలో కొత్త రోడ్డుకు శంకుస్థాపన చేయడానికి కార్పొరేటరో ఎమ్మెల్యేనో వచ్చినప్పుడు, టెండరు కాగితంలో ఆ షరతు ఉందో లేదో అడగండి.